విశ్రాంత జీవితానికి పొదుపు: ఆర్థిక సంక్షోభాల నేపథ్యంలో ఒక పరిశీలన

ముప్ఫై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేసి విరమించే వ్యక్తికి ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుయిటీ, వాడుకోని సెలవుల సొమ్ము కలిసి ఇంచుమించు ఒకేసారి చేతికి వస్తాయి. అంత మొత్తం ఒక్కచోట చూడడం చాలామంది జీతగాళ్ళకు అదే మొదటిసారి, అదే ఆఖరుసారి. పోతే మళ్ళీ సంపాదించుకునే వయస్సు కాదు. ఆ సొమ్ముతోనే ఇంకా ఇరవై ఏళ్ళో, పాతికేళ్ళో భార్యాభర్తలిద్దరూ బ్రతకాలి. ముస్లిము కుటుంబంలో దీనికి తోడు మరొక చింత ఉంటుంది. వడ్డీ అంటకుండా ఈ సొమ్మును ఎక్కడ ఉంచాలి? పోకుండా ఎలా కాపాడుకోవాలి?

ఈ రెండు ప్రశ్నలూ ఒకదానికొకటి విరుద్ధమైనవని సాధారణంగా అనుకుంటారు. భద్రత కావాలంటే వడ్డీతో రాజీ పడక తప్పదని కొందరు, వడ్డీ లేదంటే చాలు భద్రత దానంతట అదే వస్తుందని మరికొందరు భావిస్తారు. గత అర్ధ శతాబ్దపు ఆర్థిక సంక్షోభాలను పరిశీలిస్తే ఈ రెండు అభిప్రాయాలూ నిలవవని తెలుస్తుంది.

సంక్షోభ స్వరూపం

2008 నాటి సంక్షోభానికి బీజం అమెరికాలోని ఇళ్ళ అప్పులలో పడింది. తీర్చగల స్తోమత ఉన్నదో లేదో సరిగా చూడకుండానే బ్యాంకులు, రుణ సంస్థలు ఇళ్ళు కొనేందుకు అప్పులిచ్చాయి. అప్పిచ్చిన సంస్థ ఆ అప్పును తన దగ్గర ఉంచుకోలేదు. వేలాది అప్పులను ఒక కట్టగా కట్టి, పత్రాలుగా మార్చి, ఇతరులకు అమ్మివేసింది. తన రుసుము తాను తీసుకున్నది, నష్ట భయం మాత్రం కొన్నవారి నెత్తిన పడింది. రుణగ్రస్తుడు తీర్చినా తీర్చకపోయినా తనకేమీ కాదని తెలిసిన సంస్థ ఇక ఎవరికి అప్పు ఇస్తున్నామని ఎందుకు ఆలోచిస్తుంది? ఇళ్ళ ధరలు పెరుగుతున్నంత కాలం ఈ తీరు సాగింది. ధరలు పడడం మొదలు కాగానే ఆ పత్రాల విలువ ఎంతో ఎవరికీ తెలియని స్థితి ఏర్పడింది. 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు దివాలా పిటీషను వేసింది.

షేర్ల మార్కెట్లు కుప్పకూలాయి. అమెరికా మార్కెట్టుకు కొలబద్దగా భావించే ఎస్ అండ్ పి 500 సూచీ 2007 అక్టోబరులో 1,565 వద్ద ఉండగా 2009 మార్చి 9 నాటికి 676కు దిగింది. అంటే సగం కంటే ఎక్కువ పోయింది. మన బొంబాయి సెన్సెక్స్ 2008 జనవరిలో 20,873 దాకా వెళ్ళి, 2009 మార్చి 9న 8,160 వద్ద ముగిసింది. పదిహేను నెలల కాలంలో అమెరికన్ల విశ్రాంత జీవితపు పొదుపులో సుమారు 2 లక్షల కోట్ల డాలర్లు ఆవిరైనట్లు 2008 అక్టోబరులో ఆ దేశపు కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయ అధిపతి పీటర్ ఓర్జాగ్ ప్రతినిధుల ముందు చెప్పారు.

ఆ నష్టం నేరుగా ఉద్యోగి మీద పడడానికి కారణమున్నది. వెనుకటి కాలంలో యజమాని జీవితాంతం నిర్ణీత పింఛను ఇచ్చేవాడు, మార్కెట్టు ఒడుదొడుకులు అతని బాధ్యత. 1980ల నుంచి అమెరికాలో ఈ పద్ధతి క్రమంగా తగ్గి, ఉద్యోగి సొంత ఖాతాలో పొదుపు చేసుకొని, తానే పెట్టుబడి ఎంచుకునే పద్ధతి వచ్చింది. మన దేశంలోనూ 2004 జనవరి 1 తరువాత చేరిన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, సైనిక దళాలు మినహా, కొత్త పింఛను విధానం అమలైంది. అదే సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా దానిని అనుసరించింది. 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ఉద్యోగులకు హామీ పింఛను ఉన్న మరొక పథకాన్ని ఎంచుకునే వీలు కల్పించారు. అయినా ప్రైవేటు ఉద్యోగుల్లో, చిన్న వ్యాపారుల్లో చాలామందికి వృద్ధాప్యపు ఏర్పాటు తమ చేతిలోనే ఉన్నది.

పతనం తరువాతి పొరపాట్లు

మార్కెట్టు పడినప్పుడు కలిగే నష్టం ఒకటైతే, దానికి భయపడి మనిషి చేసే పనుల వల్ల కలిగే నష్టం మరొకటి. వీటిలో మొదటిది, అడుగున ఉన్నప్పుడు అంతా అమ్మివేయడం. 2009 మార్చిలో అమ్ముకున్నవారికి కాగితం మీది నష్టం నిజమైన నష్టంగా మారింది. అమ్మకుండా ఉన్నవారి విషయంలో సెన్సెక్స్ 2010 నవంబరు నాటికి పాత స్థాయికి చేరింది. అమెరికా సూచీకి 2013 మార్చి దాకా పట్టింది.

అయితే ఓపిక పట్టితే చాలు, ఎప్పటికైనా తిరిగి వస్తుందన్నది కూడా సూత్రం కాదు. జపాను నిక్కీ సూచీ 1989 డిసెంబరు చివర 38,915 వద్ద ముగిసింది. ఆ స్థాయిని మళ్ళీ దాటడానికి 2024 ఫిబ్రవరి వరకు, అంటే 34 ఏళ్ళు పట్టింది. ముప్ఫై ఏళ్ళ యువకునికి కూడా అది దీర్ఘకాలమే, అరవై ఏళ్ళవానికి అది జీవితకాలం.

రెండవ పొరపాటు, నష్టం అనే మాట వినపడని చోటును వెదుక్కుంటూ పరుగెత్తడం. ఈ పరుగులో కొందరు వడ్డీ ఖాతాల వైపు వెళతారు. వడ్డీ వద్దనుకున్నవారిని పట్టుకోవడానికి మరో రకం మనుషులు కాచుకొని ఉంటారు. 1980లలో గల్ఫ్ దేశాల్లో చెమటోడ్చి సంపాదించిన ఈజిప్టు కార్మికుల పొదుపును అర్రయ్యాన్ వంటి కంపెనీలు సేకరించాయి. ఇస్లామీ పెట్టుబడి అన్న పేరుతో ఏటా 24 శాతం దాకా లాభం పంచాయి. నాటి బ్యాంకు వడ్డీకి అది దాదాపు రెట్టింపు. 1988లో ప్రభుత్వం 146వ చట్టం తెచ్చి లెక్కలు అడిగేసరికి పెద్ద కంపెనీలు కూలాయి, అసలు కోసం జనం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. మన దక్షిణాదిలో 2019 జూన్‌లో బెంగళూరులోని ఐ.ఎం.ఎ. సంస్థ మూతపడినప్పుడు వేలాదిమంది పోలీసులకు ఫిర్యాదు చేశారు. వారిలో అత్యధికులు ముస్లిములు. హలాల్ లాభం నెలనెలా వస్తుందని నమ్మి ఇచ్చినవారే వారంతా.

లాభానికి అర్హత ఎక్కడి నుంచి?

ఇస్లామీ వాణిజ్య ధర్మంలోని ఒక మూల సూత్రాన్ని ఇచట గుర్తుకు తెచ్చుకోవాలి. దైవప్రవక్త (స) ఇచ్చిన ఒక తీర్పు అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలో ఉన్నది. దాని నుంచి ఫుఖహాలు ‘అల్ ఖరాజ్ బిద్దమాన్’ అనే సూత్రాన్ని గ్రహించారు. ఒక వస్తువు నష్టపోతే ఆ నష్టం ఎవరిదో, ఆ వస్తువు మీది ఫలితం కూడా వారిదే అని దాని సారాంశం. నష్టపు బాధ్యత మోయనివానికి లాభం మీద హక్కు లేదు. దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 275వ ఆయతులో వర్తకాన్ని ధర్మసమ్మతమనీ వడ్డీని నిషిద్ధమనీ వేరు చేయడంలోని వివేకాన్ని ఫుఖహాలు ఈ కోణం నుంచి కూడా వివరించారు. వర్తకుడు సరుకు నష్టాన్ని మోస్తాడు, వడ్డీకిచ్చినవాడు మోయడు.

ముజారబా ఒప్పందం దీనికి చక్కని ఉదాహరణ. ఒకరిది మూలధనం, మరొకరిది శ్రమ. లాభం ముందుగా ఒప్పుకున్న భాగాల ప్రకారం పంచుకుంటారు. నష్టం వస్తే, పని చేసినవాని నిర్లక్ష్యమో మోసమో లేనంత వరకు, అది మూలధనం ఇచ్చినవానిదే. పని చేసినవాడు తన శ్రమను కోల్పోతాడు. మూలధనానికి గానీ, ఇంత లాభమని గానీ హామీ ఇస్తే ఆ షరతు చెల్లదని ఫుఖహాలు స్పష్టం చేశారు.

ఈ ఒక్క సూత్రంతో పైన చెప్పిన మూడు ఘటనలనూ పరీక్షించవచ్చు. అమెరికా రుణ సంస్థ లాభం తీసుకొని నష్టాన్ని ఇతరులకు అమ్మింది. అప్పును దాని అసలు మొత్తానికి భిన్నమైన ధరకు మూడో వ్యక్తికి అమ్మడాన్ని అత్యధిక ధర్మవేత్తలు అంగీకరించరు, మలేషియా విద్వాంసులలో కొందరి అభిప్రాయం వేరు. ఈజిప్టు, బెంగళూరు సంస్థల సంగతి ఇంకా స్పష్టం. నెలనెలా తప్పకుండా ఇంత వస్తుందన్న మాటలోనే ఒప్పందం పాడైపోయింది. నిజమైన వ్యాపారంలో ఒక నెల లాభం, ఒక నెల నష్టం ఉంటాయి. ఎప్పుడూ ఒకే తీరున డబ్బు ఇచ్చేవాడు ఒకరి సొమ్ము తీసి మరొకరికి ఇస్తున్నాడేమో చూసుకోవాలి. ధర్మదృష్టితో అడగవలసిన ప్రశ్న, జాగ్రత్తపరుడు అడగవలసిన ప్రశ్న ఇక్కడ ఒక్కటే: ఈ లాభం ఏ వస్తువు నుంచి, ఏ పని నుంచి వస్తున్నది? నష్టం వస్తే ఎవరు మోస్తారు? దీనికి సూటి జవాబు లేని చోట పైసా పెట్టడం తగదు.

పేరు చాలదు

అయితే ఒప్పందం ధర్మసమ్మతమైనంత మాత్రాన నష్టం రాదని ఎవరూ చెప్పలేదు. ఇస్లామీ సూచీలలో వడ్డీ బ్యాంకులకు, బీమా కంపెనీలకు చోటుండదు. అందువల్ల లేమన్ వంటివాటి షేర్లు వాటిలో లేవు. వడ్డీ అప్పు కంపెనీ మార్కెట్టు విలువలో 30 శాతం దాటరాదని, నిషిద్ధ ఆదాయం 5 శాతానికి లోబడి ఉండాలని బహ్రెయిన్‌లోని ఇస్లామీ లెక్కల ప్రమాణ సంస్థ నియమం. ఇంత వడపోత తరువాత కూడా 2008లో ఆ సూచీలు తీవ్రంగానే పడ్డాయి. జనం వస్తువులు కొనడం మానినప్పుడు అప్పు లేని కంపెనీకి కూడా గిరాకీ తగ్గుతుంది కదా!

2009 నవంబరులో దుబాయి వరల్డ్ అనే ప్రభుత్వ సంస్థ తన చెల్లింపులకు గడువు కోరింది. దాని అనుబంధ సంస్థ నఖీల్ జారీ చేసిన సుకూక్ పత్రాలు డిసెంబరు 14న చెల్లింపుకు రావలసి ఉండగా, అబూధాబీ 10 వందల కోట్ల డాలర్లు సమకూర్చి ఆదుకోవడంతో గండం గడిచింది. అసలు మొత్తానికే తిరిగి కొంటామని ముందుగా మాటిచ్చే సుకూక్ పద్ధతిని ముఫ్తీ ముహమ్మద్ తఖీ ఉస్మానీ అంతకుముందే విమర్శించి ఉన్నారు. మలేషియాలో 1963లో హజ్ యాత్రికుల పొదుపు కోసం ఆరంభమైన సంస్థ తబూంగ్ హాజీగా ప్రపంచ ప్రసిద్ధి పొందింది. దాని ఆస్తుల కంటే చెల్లింపు బాధ్యతలు ఎక్కువగా ఉన్నాయని 2018లో వెల్లడి కాగా ప్రభుత్వమే పూనుకొని సరిదిద్దవలసి వచ్చింది. కనుక షరీఅత్ నియమం ఏది తగును, ఏది తగదు అని చెబుతుంది. తగినవాటిలో ఎంత భాగం ఎక్కడ, ఎప్పటికి అన్నది మనిషి తన వయస్సును, అవసరాన్ని బట్టి ఏర్పరచుకోవలసిన విషయం.

ఏర్పాటులోని కిటుకు

వయస్సుకూ ఏర్పాటుకూ గల సంబంధం ఒక చిన్న లెక్కతో బోధపడుతుంది. పది లక్షల రూపాయలు షేర్లలో ఉన్న నలభై ఏళ్ళ ఉద్యోగిని తీసుకుందాం. మార్కెట్టు సగానికి పడి, మూడేళ్ళ తరువాత తిరిగి రెట్టింపైతే అతని పది లక్షలు అతనికి ఉంటాయి. ఈలోగా ఇంటి ఖర్చు జీతంతో గడిచిపోయింది. అదే పది లక్షలు ఉన్న అరవై ఏళ్ళ విశ్రాంత ఉద్యోగికి జీతం లేదు. ఐదు లక్షలకు పడిన సొమ్ములో నుంచి ఏడాదికి లక్ష చొప్పున మూడు లక్షలు తీసుకున్నాడనుకుంటే మిగిలేది రెండు లక్షలు. మార్కెట్టు రెట్టింపైనా అతనికి చేరేది నాలుగు లక్షలే. మూడో వ్యక్తి ముందుచూపుతో మూడేళ్ళ ఖర్చుకు మూడు లక్షలు విడిగా ఉంచి, ఏడు లక్షలే షేర్లలో పెట్టాడు. అది మూడున్నరకు పడినా ముట్టుకోలేదు, తిరిగి ఏడు లక్షలైంది. మార్కెట్టు ఒక్కటే, తీసుకున్న ఖర్చు ఒక్కటే. ఒకరికి నాలుగు, ఇంకొకరికి ఏడు మిగిలాయి.

అంటే విరమించిన మనిషిని ముంచేది పతనం ఒక్కటే కాదు, పతనంలో అమ్ముకోక తప్పని స్థితి. ఆ స్థితి రాకుండా చూసుకోవడమే ఏర్పాటులోని కిటుకు. యూసుఫ్ సూరా 47 నుంచి 49 వరకు గల ఆయతులలో హజ్రత్ యూసుఫ్ (అ) ఈజిప్టు రాజు స్వప్నానికి చెప్పిన భావం ఇక్కడ ఎంతో అర్థవంతం. పంటలు పండిన ఏడేళ్ళలో కొంత తిని, మిగిలినది వెన్నులోనే నిలవ చేసి, కరవు ఏడేళ్ళకు వాడుకోవాలన్నది ఆ ఉపాయం. కరవు రాదని ఆయన చెప్పలేదు, వచ్చినప్పుడు విత్తనం అమ్ముకోకుండా ఉండే దారి చెప్పారు.

అలాగని భయంతో అంతా రొక్కంగా దాచుకోవడం కూడా పరిష్కారం కాదు. నిసాబుకు మించిన సొమ్ము మీద ఏటా రెండున్నర శాతం జకాత్ ఉన్నది. కదలకుండా పడి ఉన్న లక్ష రూపాయలు పదేళ్ళ జకాత్ తరువాత సుమారు 77,600 అవుతాయి. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్ళలో రూపాయి కొనుగోలు శక్తి సగమవుతుంది. అనాథల సొమ్మును జకాత్ తినివేయకుండా వ్యాపారంలో పెట్టుమని హజ్రత్ ఉమర్ (ర) ఆదేశించినట్లు ఇమామ్ మాలిక్ ‘ముఅత్తా’లో ఉన్నది. అనాథల సొమ్ము విషయంలోనే ఆ మాట చెప్పారంటే, పెట్టుబడిని జూదంగా కాక సంరక్షణలో ఒక భాగంగా పరిగణించారని గ్రహించవచ్చు.

మన దేశంలో ఉన్న దారులు

భారతదేశంలో వడ్డీ రహిత బ్యాంకు లేదు. రఘురామ్ రాజన్ కమిటీ 2008లో అటువంటి సేవలు ఉండాలని సూచించినా, ఈ ప్రతిపాదనతో ముందుకు పోరాదని రిజర్వు బ్యాంకు నిర్ణయించుకున్నట్లు 2017లో తెలియవచ్చింది. కాబట్టి ఉన్నవాటిలోనే ఎంచుకోవాలి.

ప్రావిడెంట్ ఫండ్ విషయంలో ముఫ్తీ ముహమ్మద్ షఫీ అభిప్రాయం ఉపఖండంలో విస్తృతంగా ఆమోదం పొందింది. జీతంలో నుంచి తప్పనిసరిగా కోత పడే భాగం ఉద్యోగి చేతికి రాలేదు, అతని స్వాధీనంలోకి రాని సొమ్ము మీద యజమాని అదనంగా ఇచ్చేది వడ్డీ నిర్వచనంలోకి రాదన్నది ఆయన తర్కం. ఉద్యోగి సొంత ఇష్టంతో ఎక్కువ కోయించుకునే భాగం మాత్రం వేరు, దాని మీది అదనం వడ్డీని పోలి ఉంటుంది కనుక జాగ్రత్త పడాలి. కొత్త పింఛను విధానంలో కొంత సొమ్ముతో బీమా కంపెనీ నుంచి నెలసరి చెల్లింపు కొనాలనే నిబంధన ఉన్నది. డబ్బు ఇచ్చి ఎంత తిరిగి వస్తుందో తెలియని డబ్బు కొనడంలో వడ్డీ, అనిశ్చితి రెండూ ఉన్నాయని ధర్మవేత్తలు అభ్యంతరం చెబుతారు. నిబంధన వల్ల తప్పనిసరైన దానికీ, ఇష్టపడి కొన్నదానికీ తేడా ఉన్నందున ఇటువంటి సందర్భంలో తన కాగితాలు చూపించి ముఫ్తీని అడిగి తెలుసుకోవడం మంచిది.

రెండు మూడేళ్ళ ఖర్చుకు విడిగా ఉంచే సొమ్మును వడ్డీ రాని కరెంటు ఖాతాలో ఉంచవచ్చు. 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉన్నది, అంతకు మించినదాన్ని వేర్వేరు బ్యాంకులలో ఉంచడం వివేకం. పొదుపు ఖాతాలో వడ్డీ జమ అయితే దానిని వాడుకోక, పుణ్యాపేక్ష లేకుండా పేదలకు ఇచ్చివేయాలన్నది మన దేశపు ఉలమాలలో అత్యధికుల మాట.

దీర్ఘకాలపు భాగానికి షరీఅత్ వడపోతతో నడిచే టాటా ఎథికల్, టారస్ ఎథికల్ వంటి మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి. ఇవి షేర్లే కనుక ఐదారేళ్ళ లోపు అవసరపడే సొమ్ము వీటిలో పెట్టరాదు. ఇంటి అద్దె నిష్కళంకమైన ఆదాయం, ధరలతోపాటు పెరుగుతుంది కూడా. ఊరి వెలుపలి ప్లాటుకు ఆ గుణం లేదు. అది అద్దె ఇవ్వదు, అవసరానికి వెంటనే అమ్ముడు పోదు. బంగారం సంక్షోభంలో ధైర్యమిస్తుంది గానీ అన్నం పెట్టదు, పైగా దాని మీద జకాత్ ఉన్నది. బంధువుల వ్యాపారంలో వాటా పెట్టేవారు అల్ బఖరా 282వ ఆయతులో అప్పుల గురించి చెప్పిన రాత, సాక్ష్యం నియమాన్ని ఇక్కడ కూడా పాటించి, లెక్కలు చూసే హక్కును కాగితం మీద పెట్టుకోవాలి. ఏది ఎంచుకున్నా సర్వస్వమూ ఒకే చోట పెట్టడం తగదు.

అప్పు, ఆలి, వారసులు

లెక్కలన్నిటి కంటే ముందు అప్పు తీర్చాలి. ఆదాయం ఆగిపోయాక నెలనెలా వాయిదా కట్టవలసినవాడు మార్కెట్టు పడినప్పుడు అమ్ముకోక తప్పదు. చెల్లించని మహర్ కూడా అప్పేనని చాలామంది మరచిపోతారు. భర్త చేతికి ఆ పెద్ద మొత్తం వచ్చిన రోజున భార్యకు అది చెల్లిస్తే ఆమె పేర ఒక ఆస్తి ఏర్పడుతుంది, రేపు ఆమె ఒంటరిదైతే అదే ఆసరా.

పిల్లల పెళ్ళిళ్ళకు, వ్యాపారాలకు మొత్తం ఊడ్చి ఇచ్చి తరువాత వారి ముందు చేయి చాపడం తండ్రికీ గౌరవం కాదు, పిల్లలకూ భారం. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (ర) జబ్బుపడి తన ఆస్తి చాలావరకు దానం చేయబోగా, మూడో వంతుకు మించవద్దని దైవప్రవక్త (స) ఆపారు. వారసులు ఇతరుల ముందు చేతులు చాపేలా వదలిపోవడం కంటే వారిని కలిగినవారుగా విడిచిపోవడం మేలని బోధించారు. ఖాతాలో నామినీగా పేరున్న వ్యక్తి ఆ సొమ్ముకు యజమాని కాడు, వారసుల తరఫున అందుకునేవాడు మాత్రమే. జీవిత బీమా సొమ్ము విషయంలో మన సుప్రీం కోర్టు 1983లో ఇదే సంగతి చెప్పింది. అన్నిసా సూరాలోని వాటాల ప్రకారం పంపకం జరగాలంటే ఏ సొమ్ము ఎక్కడున్నదో ఇంట్లోవారికి తెలియాలి. ఒక్క నోటు పుస్తకంలో రాసి భార్య చేతికిస్తే చాలు.

సంక్షోభం మళ్ళీ వస్తుంది. ఎప్పుడు, ఏ దేశంలో మొదలవుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. నష్టమే లేని లాభాన్ని వెదకినవారు ఈజిప్టులోనూ బెంగళూరులోనూ అసలే పోగొట్టుకున్నారు. న్యాయమైన నష్టాన్ని తాను మోయగలిగినంత మేరకే అంగీకరించి, మోయలేని భాగాన్ని ముందే పక్కన పెట్టుకున్నవానికి మాత్రం కరవు ఏళ్ళు కూడా గడిచిపోతాయి.